మందుగుండు చేతులతో ఒత్తిన విత్తన ముద్దలు

భూమి లోతుల్లో ఎవరి కంటికీ కనబడకుండా బొగ్గును దాచిపెట్టిన దేవునికి స్తోత్రం. ఆ లోతుల్లోకి దిగిన మనుషులను షిఫ్టు ముగిశాక తిరిగి వెలుగులోకి నడిపించే ఆయన చేతికి స్తోత్రం. మసి పట్టిన మా కాలనీ కిటికీల మీద కూడా ప్రతి ఉదయం కొత్త ఎండను పరిచే ఆయన కృపకు స్తోత్రం. తన నామం ఎరగని వారి చేత కూడా తన పని చేయించుకునే ఆయన జ్ఞానానికి మరీ మరీ స్తోత్రం.

ఇంత మాట అనుకోకుండా ఏ సంగతీ మొదలుపెట్టడం నాకు చేతకాదు. మా నాన్న గనిలో బొగ్గు టబ్బులు తోసేవాడు. డ్యూటీ నుంచి వచ్చి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, అన్నం ముందు పెట్టుకుని కూడా చేయి పెట్టేవాడు కాదు. ముందు మా చేత వాక్యం చదివించేవాడు. అక్షరాలు నాకు బడికన్నా ముందు ఆ కంచం దగ్గరే వచ్చాయి. ఇప్పుడు నేను మా సంఘంలో ఆదివారం పూట పిల్లలకు పాఠం చెబుతాను.

ఏటా జూన్‌లో మా దగ్గర పర్యావరణ దినోత్సవం చేస్తారు. బయటివాళ్లకు అది ఒక బ్యానరు, కొన్ని ప్రసంగాలు, ఒక మొక్క, చుట్టూ నిలబడి దిగిన ఫొటో. మాకు మాత్రం పండుగే. ఎండ ఎక్కకముందే గోదావరి ఒడ్డుకు చేరతాం. మా సంఘం వాళ్లం, భజన మండలి అక్కలు, మసీదు గల్లీ తమ్ముళ్లు, రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోకుండా నేరుగా వచ్చే కార్మికులు. భుజాన గోనెసంచులతో మెట్ల మీద పేరుకున్న కవర్లు, కుళ్లిన పూలదండలు, కొబ్బరి చిప్పలు ఏరతాం. ఎవరో నదిలో వదిలిన పాత దేవుడి పటాలు దొరికితే వాటిని చెత్తలో వేయడానికి భజన అక్కలకు చేతులు రావు. అందుకని విడిగా ఒక చాప పరిచి దాని మీద పెడతాం. ఆ మొక్కు నాది కాదు. అయినా ఎవరో ఒకప్పుడు కన్నీళ్లతో చేతులు జోడించిన పటం కదా అని నేను కూడా రెండు చేతులతోనే అందిస్తాను. పని అయ్యాక ఆ మెట్ల మీదే వరసగా కూర్చుని, ఎవరి టిఫిన్ డబ్బా ఎవరి ముందుకు వచ్చిందో చూసుకోకుండా తింటాం.

ఈ ఏడు ఆ పండుగ నది ఒడ్డున ముగిసిపోలేదు. దానికి కారణం మా కాక.

మా వీధి చివరి ఇంటి ఆయనను కాలనీ అంతా కాక, అంటే బాబాయి, అనే పిలుస్తుంది. నుదుట మల్లన్న పసుపు బండారి పెట్టుకోకుండా గడప దాటడు. భూగర్భ గనిలో మందుగుండు నింపే పని చేసి రిటైరయ్యాడు. ఆయన పుట్టిన పల్లె ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు గని పెరిగినప్పుడు ఊరు ఖాళీ అయింది. బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టిని ఆ ఊరి నేల మీదే పోశారు. పోయగా పోయగా అది మెట్లు మెట్లుగా గుట్టంత దిబ్బ అయింది. మా మేడ మీద నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. ఆ దిబ్బ కింద కాక ఇల్లు ఉంది, ఆయన ఈత నేర్చుకున్న బావి ఉంది, ఊరి చింతలు ఉన్నాయి. అయినా ఆయన ఎవరినీ నిందించగా నేను వినలేదు. "బొగ్గు తిన్న నోటితోని బొగ్గును తిట్టద్దు బిడ్డా" అంటాడు.

మా ఆయన డంపర్ నడుపుతాడు. ఆ దిబ్బ మీద మట్టి పోసినవాళ్లలో ఆయనా ఒకడు. దాన్ని కూడా కాక పరాచికంగానే తీసుకుంటాడు. "మా ఊరి మీద మన్ను పోసింది ఎవ్వలో కాదు, మా అల్లుడే. బయటోళ్లకైతే గంత పద్ధతిగ చేతనైతదా?" అని నలుగురిలో అంటే మా ఆయన తల వంచుకుని నవ్వుతాడు.

ఆ రోజు ఒడ్డు శుభ్రం చేశాక, గని కంపెనీ నుంచి వచ్చిన అధికారి మొక్క నాటి, మైకు ముందు మాట్లాడి, ఎవరైనా ఏమైనా చెబుతారా అని అడిగారు. మాట వరసకు అడిగేదే అది. ఎవరూ లేవరు. కాక లేచాడు.

"సార్, ఆ దిబ్బ మీద నీలగిరి చెట్లు పెట్టిస్తమంటున్నరట. వద్దు సార్. చింతలు పెట్టియ్యున్రి. రేల, కానుగ, సీతాఫలం. గవన్నీ మా ఊళ్లె ఉండె. ఊరు ఎట్లాగూ రాదు. చెట్లన్న రానియ్యున్రి."

అధికారి కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడే. మంచి మనిషి. కాసేపు ఆలోచించి అన్నారు. "నీలగిరి అయితే తప్పకుండా బతుకుతుందండీ, అందుకే వేస్తాం. సరే, ఒక పని చేద్దాం. కాలనీ వైపున్న కింది వాలు ఈ వానాకాలానికి మీకే వదిలేస్తాను. విత్తన బంతులు విసరండి. దసరా తర్వాత వచ్చి చూస్తాను. పచ్చగా కనిపిస్తే పై మెట్ల మీద కూడా మీరన్న చెట్లే. లేదంటే మొత్తం నీలగిరే. నన్నూ పైవాళ్లు అడుగుతారు కదండీ."

నా పక్కన కూర్చున్న చిన్నమ్మ, అంటే కాక భార్య, నా చెవిలో అంది. "చూసినవా మీ కాకను? పెండ్లినాడు సుత గింత నవ్వలే."

గింజలకు కొరత రాలేదు. చింతగింజలు ప్రతి వంటింటి నుంచీ వచ్చాయి. సీతాఫలం గింజలు పిల్లలు ఆడుకోవడానికి దాచుకున్నవి డబ్బాలతో సహా ఇచ్చేశారు. ముద్దలు చేయడానికి చోటు కావాలంటే మా సంఘం పాస్టరు అయ్యగారు మందిరం ముందున్న రేకుల షెడ్డు ఇచ్చారు. అక్కడ నీడ ఉంది, నీళ్ల నల్లా ఉంది. ఆదివారం ఆరాధన కాగానే మట్టి తట్టలు దిగేవి. భజన అక్కలు వచ్చేవారు. మేము మా పాట ఎత్తుకుంటే వాళ్లు చప్పట్లు కలిపేవారు, వాళ్లు తమ పాట ఎత్తుకుంటే మేము కలిపేవాళ్లం. కాక నడుమ తిరుగుతూ, "మీ ప్రభువు, మా మల్లన్న ఇద్దరు మీదికెంచి చూస్తున్నరు. ముద్ద సక్కగ చెయ్యున్రి" అనేవాడు.

విత్తన బంతి ఎలా చేయాలో ముందే అధికారి పంపిన ఒకాయన వచ్చి చూపించి వెళ్లాడు. ఎర్రమట్టి, పేడ, ఎరువు కలిపి, వదులుగా లడ్డూలా చుట్టి, నీడలో ఆరబెట్టాలి. అది కాకకు నచ్చలేదు. ఒకటి నేలకేసి కొట్టి చూశాడు. పొడి అయిపోయింది.

"గిది దిబ్బ మీద పడంగనే పగుల్తది. గింజ పిట్టలపాలు. పేడ వద్దు. చెరువు మట్టి తెద్దాం."

ఎవరూ ఎదురు చెప్పలేదు. అందుకు కారణం ఉంది. గనిలో బొగ్గు గోడకు రంధ్రాలు వేసి మందుగుండు పెట్టాక, ఆ రంధ్రం మూతిని బంకమట్టి ముద్దలతో మూయాలి. ఆ ముద్ద గట్టిగా ఉంటే పేలుడు బలమంతా బొగ్గు మీదికి పోతుంది. వదులుగా ఉంటే అది వెనక్కి, మనుషుల మీదికి తన్నుతుంది. కాక చేతి ముద్ద ఎన్నడూ వెనక్కి ఊడి రాలేదని ఆయనతో పనిచేసిన వాళ్లు ఇప్పటికీ చెబుతారు. మట్టిని పిసకడం అంటే మా బొగ్గు గనుల బెల్టులో ఆయన తర్వాతే ఎవరైనా. అలాంటి చేతులు ఇలా ఒత్తండి అంటే అలాగే ఒత్తాం.

నా దగ్గరకు వచ్చి తిట్టాడు కూడా. "ఏంది బిడ్డా గట్ల ఒత్తుతున్నవ్, రొట్టెపిండి పిసికినట్టు? గట్టిగ ఒత్తు. సందు ఉండద్దు."

"కాకా, దీంట్ల మందు లేదు. చింతగింజ ఉన్నది."

"మందైనా గింజైనా ముద్ద ముద్దనే."

చిన్నమ్మ ఊరుకోలేదు. "ఇంట్ల జొన్నరొట్టె చెయ్యమన్నా గిట్లనే చేస్తడు. కుక్క సుత ముట్టది."

అందరం నవ్వుకుంటూనే గట్టిగా ఒత్తాం. షెడ్డు రేకుల మీద ఎండలో ఆరబెట్టాం. ఆరిన ముద్దను గోటితో తడితే టకటకమని మోగేది. కాక ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విని తృప్తిగా తలాడించేవాడు. పిల్లలు మాత్రం ఆయన కళ్లుగప్పి, మిగిలిన ఎర్రమట్టితో వంకరటింకరగా, వదులు వదులుగా చేసి ఆటకు పోయారు. వాటిని విడిగా ఒక సంచిలో వేశాం. పిల్లలు నొచ్చుకోకూడదని తప్ప వాటి మీద మాకు ఆశ లేదు.

మొదటి వానలు పడి నేల తడిశాక విసిరే రోజు వచ్చింది. డప్పులు మోగాయి, బ్యానరు ముందు నడిచింది. తడిసిన వాలు ఎక్కడం ప్రమాదం కాబట్టి కింద నుంచే విసరాలి. దానికి కాక ఒడిసెలలు తెచ్చాడు. జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను కొట్టడానికి వాడేవి. వలలో ముద్ద పెట్టి తల చుట్టూ గిర్రున తిప్పి వదిలితే అది దిబ్బ నడుముకు పోయి తగిలేది. ఒడిసెల చేతపట్టడం తెలిసిన ముసలివాళ్లందరూ ఎక్కడెక్కడి నుంచో బయటికి వచ్చారు. మా అయ్యగారు కూడా చొక్కా చేతులు మడిచి ఒకటి తిప్పారు. అది వెనక్కి పోయి మైకు సెట్టు మీద పడింది. "అయ్యగారు, ముందుగాల పాపులను కొట్టున్రి, మైకు ఏం జేసింది?" అని ఒక కార్మికుడు అంటే ఆయనే అందరికన్నా ఎక్కువ నవ్వారు. అంత ఆనందంగా ఒక ఊరు మట్టిని ఆకాశంలోకి విసరడం నేను చూడలేదు. ఆ సాయంత్రం దేవుని ముందు మోకరించి, ఇలాంటి మనుషుల మధ్య నన్ను పుట్టించినందుకు చాలాసేపు స్తుతించాను.

వానలు బాగానే పడ్డాయి. మేడ ఎక్కి రోజూ చూసేదాన్ని. కొన్ని వారాలకు వాలు చివర, ఒక మూల మాత్రం పచ్చబడింది. అది పిల్లల సంచి విసిరిన చోటు. మిగతా వాలంతా బోడిగానే ఉంది. కాక రోజూ దిబ్బ కిందిదాకా నడిచి వచ్చి, "చింత మొండిది బిడ్డా. ఆలస్యంగ లేస్తది" అనేవాడు. తర్వాత ఆ మాట కూడా మానేశాడు.

ఒకరోజు నేనూ చిన్నమ్మా దిబ్బ అంచున నడుస్తుంటే నా కాలి కింద ఏదో రాయి తగిలింది. చూస్తే మా ముద్దే. చెప్పు కాలితో తొక్కాను. పగల్లేదు. మడమ పెట్టి బలంగా నొక్కాను. అప్పుడూ పగల్లేదు. వానకు పైపొర కాస్త మెత్తబడి, మళ్లీ ఎండకు బిగుసుకుని, గోదారి గులకరాయిలా నున్నగా మెరుస్తోంది. ఇంకొన్ని ఏరి కొంగులో కట్టుకుని వాళ్ల ఇంటికి తెచ్చాను.

కాక వాకిట్లో అరుగులాంటి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఒక ముద్ద అందుకుని రెండు అరచేతుల మధ్య నలపబోయాడు. కాలేదు. రోకలి అందుకుని కొడితే పోకచెక్కలా రెండుగా విడిపోయింది. లోపల చింతగింజ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. తడి తగలనే లేదు. వానాకాలం సగం దాని నెత్తి మీదుగా పోయింది, దానికి తెలియనే తెలియదు.

చిన్నమ్మకు నవ్వు ఆగలేదు. "మందుగుండునే ఆపిన ముద్ద, మొలకను ఆపదా?" అంది. అని, ఆయన ముఖం చూసి గబుక్కున నోరు మూసుకుంది.

కాక ఆ రెండు చెక్కలనూ మళ్లీ అతికిస్తున్నట్టు చేతిలో పట్టుకుని అన్నాడు. "ఒకసారి ఊరు కంపెనీ అవసరానికి పోయింది. రెండోసారి ఊరిని నేనే బొందవెట్టిన బిడ్డా."

రాతినేల మీద పడిన విత్తనం గురించి ప్రభువు చెప్పిన ఉపమానాన్ని పిల్లలకు ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. రాయి ఎప్పుడూ నేలలోనే ఉంటుందనుకున్నాను. ప్రేమతో, జాగ్రత్తతో, విత్తనం చుట్టూ మన చేతులతోనే రాయి కట్టగలమని ఆ రోజు ఆ గద్దె దగ్గర నేర్చుకున్నాను. ఆయన చేతుల్లో లోపం లేదు. ఆ చేతులు ఎప్పుడూ బలాన్ని లోపల ఆపడానికే అలవాటు పడ్డాయి. బయటికి రావాల్సినదాన్ని వదలడం వాటికి కొత్త.

ఇక ఆయన ఇల్లు కదలడనుకున్నాను. పెద్దమనిషి, పేరున్న మనిషి. కానీ ఆ ఆదివారం ఆరాధన ముగిసేసరికి మందిరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అయ్యగారిని అడిగి లోపలికి వచ్చి, మా అందరి ముందు చేతులు జోడించాడు.

"తప్పు నాది. పేడ వద్దన్నది నేనే, గట్టిగ ఒత్తమన్నది నేనే. మీ కష్టం మట్టిపాలు చేసిన. దసరాకు ఇంక టైమున్నది. ఒక్కొక్క ముద్ద వగలగొట్టి గింజను బయటికి తియ్యాలె. నేనొక్కణ్ని చేస్త. ఎవ్వలన్న వస్తె కాదన."

అప్పుడు వెనక బెంచీలోంచి, ఆయనతో గనిలో పనిచేసిన ఒక అన్న లేచాడు. "కాకా, నువ్వు గట్టిగ ఒత్తవట్టే నేనియ్యాల గీడ కూసున్న. తప్పు గిప్పు తర్వాత. సుత్తెలేడ వెట్టినవో చెప్పు."

నేను ఏడ్చాను. అయ్యగారు కూడా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

వానలు తెరిపి ఇచ్చి, వాలు ఆరాక పైకి ఎక్కడానికి అధికారి అనుమతి ఇచ్చారు. హెల్మెట్లు పంపారు, తానే వచ్చి కింద నిలబడ్డారు. దసరా మాటను మాత్రం మార్చలేదు. కాక కూడా మార్చమని అడగలేదు. ఈసారి డప్పులు లేవు, బ్యానరు లేదు. ఫొటోలో ముందు వరసలో నిలబడ్డవాళ్లు చాలామంది రాలేదు. వాళ్ల స్థానంలో మేము ఎన్నడూ చూడనివాళ్లు వచ్చారు. దిబ్బ కిందికి పోయిన కాక ఊరి నుంచి వేర్వేరు కాలనీలకు చెదిరిపోయిన కుటుంబాలు. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరి సుత్తె వాళ్లు తెచ్చుకున్నారు. ఒక ముసలమ్మ వాలు మీద ఒకచోట ఆగి, "గిక్కడికి సరిగ్గ కింద మా వాకిలి" అంది. అవునో కాదో ఎవరికి తెలుసు? ఆమె ఆ చోటే కూర్చుని గింజలు పెట్టింది.

ముద్ద పగలగొట్టాలి, గింజ చిట్లకూడదు. చిన్న గుంట తీసి, పిడికెడు పేడమట్టితో గింజను లోపల పెట్టి, సీసాలోంచి కాసిని నీళ్లు పోయాలి. మా ఆయన రాత్రి డ్యూటీ దిగి బూట్లతోనే వచ్చాడు. కాక చూసి, "పా అల్లుడా. నువ్వు పోసిన మట్టి, నేనొత్తిన మట్టి. ఇద్దరం కలిసి తవ్వుదాం" అన్నాడు.

"నువ్వు తవ్వు మామా. నేను పోసుడే నేర్చుకున్న, నీళ్లు పోస్త" అన్నాడు మా ఆయన. ఆ మాటకు వాలంతా నవ్వింది.

సాయంత్రానికి అందరి వేళ్లూ పుండ్లు పడ్డాయి. ఆ వాలు దిగుతూ నేను అనుకున్నాను: ఒక పని బాగా చేయడానికి రావడం గొప్పే. చేసిన పనిని తమ చేతులతోనే విప్పి, మళ్లీ మొదటి నుంచి చేయడానికి నవ్వుతూ రావడం ఎంత గొప్పదో! సంఘం అనే మాటకు అర్థం నేను నాలుగు గోడల మధ్య నేర్చుకున్నాను. దాన్ని కళ్లతో చూసింది మాత్రం ఆ దిబ్బ మీద.

ఇదంతా జరిగి రెండు వారాలు కాలేదు. ఆ రోజు నుంచి చుక్క వాన లేదు. మొండి ముద్దలో ఉన్నన్నాళ్లూ గింజ ఎండకు భయపడలేదు. ఇప్పుడు దానికి తడి తగిలింది. తడి తగిలిన గింజ ఇక వెనక్కి పోదు. మొలవాలి, లేదా చావాలి. కిందివరసలకు సీసాలతో, బిందెలతో నీళ్లు మోస్తున్నాం. పైవరసల దాకా రోజూ బిందెలతో ఎక్కలేం. మొన్న ఒకచోట మట్టి కాస్త పైకి లేచి, బీట తీసి కనిపించింది. కాక వంగి చూశాడు కానీ వేలితో ముట్టలేదు. మట్టిని ముట్టకుండా ఆయన వెనక్కి రావడం నేను చూసింది అదే మొదటిసారి.

నిన్న సాయంత్రం మా ఇంటి ముందు ఆగి అడిగాడు. "బిడ్డా, మా మల్లన్నకు రోజూ చెప్తున్న. మీ సంగంల సుత వానకు ప్రార్థన ఉంటదా?"

"ఉంటది కాకా. అందరం చేస్తం."

"మంచిగ చెయ్యున్రి. గింజలు పాపం బయటికొచ్చినయి."

అందుకే ఇది రాస్తున్నాను. చదువుతున్న మీరు ఏ ఊరివారో, ఏ పేరుతో దేవుణ్ని పిలుస్తారో నాకు తెలియదు. ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి, నాతో కలిసి కళ్లు మూసుకోండి. తండ్రీ, నీ మేఘాలను మా దిబ్బ మీదికి తోలుకురా. దసరాకు మా కాక తల వంచుకోవాల్సి రాకుండా చూడు. పైవరసలకు మా బిందెలు అందవు, నీ చేయి అందుతుంది. ఈ వారమే, ప్రభువా, ఈ వారమే.